ముప్పై ఎనిమిదో గాజు పెట్టె

ఏటా మార్చి నెలలో, అవని పుట్టినరోజుకి ఆ పిల్లను జపనీస్ మాల్‌కి తీసుకువెళ్ళడం దమయంతి పని. వాళ్ళుండే ఎడిసన్ ఊరి నుంచి గంట ప్రయాణం. హడ్సన్ నది ఒడ్డున, అవతలి గట్టు మీద న్యూయార్క్ మేడలు కనిపించే చోట ఉంటుంది ఆ మాల్. పొద్దున వెళ్ళిన అత్తా మేనకోడళ్ళు చేతినిండా సంచులతో, ఇంట్లో ఇంకెవరికీ అర్థంకాని కబుర్లతో తిరిగొచ్చేవాళ్ళు. ఈ ఏడు దమయంతి లేదు. ఆమె పోయి పదమూడు నెలలైంది.

"నువ్వు తీస్కపోరాదురా. పిల్ల అడగదు గానీ మొహం చూస్తే తెలుస్తుంది" అని అవని తల్లి రాగిణి తమ్ముడికి ఫోన్ చేసింది. దమయంతి భర్త శ్రేయాస్ అక్క మాట కాదనలేకపోయాడు.

దమయంతికి బొమ్మలంటే పిచ్చి. జపాన్ కార్టూన్ సీరియళ్ళలోని మనుషుల్ని అచ్చుగుద్దినట్టు జానెడెత్తున చేస్తారు. జుట్టు పాయ దగ్గర్నుంచి చెప్పు పట్టీ దాకా అన్నీ ఉంటాయి. ఫిగర్లు అంటారు వాటిని. ముప్పై మూడేళ్ళ మనిషి, ఇన్సూరెన్స్ కంపెనీలో డిజైనర్ ఉద్యోగం, అయినా కొత్త ఫిగర్ వచ్చిన రోజున చంటిపిల్ల వచ్చినంత సందడి చేసేది. పెట్టె విప్పగానే కాటుక తెచ్చి దాని ఎడమ పాదం కింద చిన్న దిష్టిచుక్క పెట్టేది. "ఇంత అందంగా ఉంటే ఊళ్ళో వాళ్ళదెందుకండీ, నా దిష్టే తగిలేలా ఉంది" అనేది. ఆమెది రాజమండ్రి. శ్రేయాస్ వాళ్ళది కరీంనగర్. ఆమె గారాలు పోయే ఆ మాటతీరు అతనికి ఇష్టంగానే ఉండేది. బొమ్మల సంగతే అతనికి ఎప్పుడూ తలకెక్కలేదు.

ఆమె పోయిన మూడు నెలలకి, హాల్లో ఆ అద్దాల బీరువా వైపు చూడలేక, నలభై రెండు బొమ్మల్నీ నాలుగు అట్టపెట్టెల్లో సర్ది, పాత సామాన్లు తీసుకునే ధర్మసంస్థ వాళ్ళ గుమ్మంలో దించి వచ్చేశాడు. ఆ సంగతి చెప్పిన రోజు అవని తన గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది.

శనివారం పదకొండింటికి మాల్ చేరారు. ముందు కూరగాయలూ చేపలూ అమ్మే పెద్ద దుకాణం, పక్కన వరసగా తిండి కౌంటర్లు, మధ్యలో బల్లలు, ఆ బల్లలు దాటి నడవా చివర బొమ్మల షాపు. అవని దారి తెలిసిన మనిషిలా ముందు నడిచింది. నాణెం వేసి తిప్పితే ప్లాస్టిక్ గుడ్డులో చిన్న బొమ్మ పడే యంత్రాల దగ్గర కాసేపు ఆగింది. తర్వాత షాపులోకి వెళ్ళింది. శ్రేయాస్ ఆమె వెనకాలే, ఏం చూడాలో తెలియనివాడిలా, చేతులు జేబుల్లో పెట్టుకుని నడిచాడు.

షాపు వెనక గోడంతా గాజు పెట్టెలు. ఐదు వరసలు, వరసకి పన్నెండు. ప్రతిదానికీ తాళం, మూల మీద కింది వరస నుంచి లెక్కపెట్టిన ఒక నంబరు. ఎవరైనా ఒక పెట్టె అద్దెకి తీసుకుని తమ బొమ్మలు అందులో పెట్టుకోవచ్చు. కొందరు అమ్మకానికి పెడతారు, కొందరు ఊరికే నలుగురూ చూస్తారని పెడతారు. శ్రేయాస్ వాటిని వరసగా చూసుకుంటూ పోతుంటే అవని అతని చొక్కా చెయ్యి పట్టుకుని లాగింది.

"మామయ్యా, లుక్. ఇది అత్తది."

పైనుంచి రెండో వరస. ముప్పై ఎనిమిదో నంబరు. పెట్టెలో తొమ్మిది బొమ్మలున్నాయి. రెండు కత్తుల పిల్ల, గొడుగు పట్టుకున్న ముసలమ్మ, పాలపిట్ట రంగు జుట్టుతో వంటమనిషి. శ్రేయాస్‌కి పేర్లు తెలియవు కానీ మొహాలు తెలుసు. ఆరేళ్ళు ఆ మొహాల ముందు కాఫీ తాగాడు.

"ఇలాంటివి వేలల్లో చేస్తరు కదా అవనీ. అత్త దగ్గరవే ఎందుకయితయి" అన్నాడు.

"కింద నుంచి చూడు మామయ్యా. అండర్ ద ఫుట్."

పెట్టె అడుగు కూడా గాజే. శ్రేయాస్ మోకాళ్ళు వంచి, మెడ వెనక్కి వాల్చి పైకి చూశాడు. పారదర్శకమైన స్టాండు మీద నిలబడ్డ తొమ్మిది జతల పాదాలు. ప్రతి ఎడమ పాదం కిందా ఒక నల్లచుక్క, నువ్వుగింజంత.

అతను నెమ్మదిగా లేచాడు. ధర్మసంస్థ వాళ్ళ దగ్గర ఎవరో మొత్తం కొనేసి ఉంటారు. అందులో వింతేముంది, వాళ్ళు పెట్టుకుంది అమ్ముకోవడానికే కదా. అలా తనకి తాను చెప్పుకుంటూ ఉండగా అవని వేలితో గాజు మీద తట్టింది.

"దిస్ వన్ మాత్రం అత్త దగ్గర లేదు. ఆరెంజ్ కోట్ వాడు. ఇది ఈ జనవరిలోనే వచ్చింది. నేను వెయిట్ చేస్తూ ఉన్నా దానికోసం."

నారింజరంగు కోటు వేసుకున్న బొమ్మ పాదం కింద కూడా చుక్క ఉంది.

అప్పుడు చూశాడు శ్రేయాస్, పెట్టె వెనకమూల. తొమ్మిదింటిలో ఎనిమిది బొమ్మలు బయటికి చూస్తున్నాయి. ఒక్కటి మాత్రం వీపు చూపిస్తూ గోడవైపు తిరిగి నిలబడి ఉంది. తెల్లటి నక్కతోక ఉన్న ఆడపిల్ల బొమ్మ. దమయంతి దాన్ని నక్కమ్మ అనేది. "దీన్ని కొన్న వేళ నక్కతోక తొక్కినట్టే, అదే వారంలో మీ వీసా వచ్చింది" అని నవ్వేది.

నక్కమ్మ సంగతి ఇంకొకటి ఉంది. అది భార్యాభర్తలిద్దరికి తప్ప ఎవరికీ తెలియదు. దమయంతికి కోపం వస్తే నోరు తెరిచేది కాదు. నక్కమ్మని గోడవైపు తిప్పి పెట్టేది. శ్రేయాస్ అది చూసి, తప్పు ఒప్పుకుంటే, దాన్ని ముందుకు తిప్పి పెట్టేవాడు. దాంతో గొడవ ముగిసేది.

చివరిసారి ఆమె దాన్ని తిప్పింది ఫిబ్రవరిలో, ఒక సోమవారం పొద్దున. ముందురోజు స్నేహితులు నలుగురు భోజనానికి వచ్చారు. ఒకతను బీరువా చూసి ఇవన్నీ ఎవరివని అడిగాడు. "పిల్లల్లేరు కదా, మా ఆవిడ వీటిని పెంచుతుంది" అన్నాడు శ్రేయాస్. అందరూ నవ్వారు. దమయంతి కూడా నవ్వి పెరుగు గిన్నె అందించింది. పొద్దున్న చూస్తే నక్కమ్మ గోడవైపు తిరిగి ఉంది. సాయంత్రం వచ్చాక తిప్పుదాంలే అనుకుని ఆఫీస్‌కి వెళ్ళిపోయాడు. తొమ్మిదింబావుకి ఆమె రైల్వే ప్లాట్‌ఫాం మీద పడిపోయింది. మెదడులో నరం చిట్లిందన్నారు. మూడోరోజు పోయింది. ఒక్కసారీ కళ్ళు తెరవలేదు. మూడు నెలల తర్వాత బొమ్మలు సర్దుతున్నప్పుడు కూడా నక్కమ్మ అలాగే గోడవైపు తిరిగి ఉంది. శ్రేయాస్ దాన్ని అలాగే తీసి పాతకాగితంలో చుట్టేశాడు.

"ఇంటికి పోదామా మామయ్యా?" అంది అవని. ఆమె బొమ్మల్ని చూడటం మానేసి అతని మొహం చూస్తోంది.

"ఒక్క నిమిషం" అని అతను కౌంటర్ దగ్గరకు వెళ్ళాడు.

షాపు యజమానురాలు మొరీతా గారనే జపాన్ ఆవిడ. అరవై దాటి ఉంటాయి, సన్నగా, నీలం ఏప్రన్ కట్టుకుని ఉంది. ముప్పై ఎనిమిదో పెట్టె ఎవరిదని ఇంగ్లీషులో అడిగాడు. ఆవిడ మర్యాదగా తల వంచి, అద్దెకున్నవాళ్ళ పేర్లు చెప్పడం తమ పద్ధతి కాదంది.

"అవి అమ్మకానివి కూడా కావండీ. ఊరికే చూడటానికి పెట్టుకుంది. మంచి మనిషి. బుధవారాలు మధ్యాహ్నం వస్తుంది. వచ్చినప్పుడల్లా ఒక్కటి తెచ్చి పెడుతుంది, ఒక్కటి పట్టుకుపోతుంది. కావాలంటే ఒక చీటీ రాసివ్వండి, అందిస్తాను."

దిష్టిచుక్క పెట్టిన మనిషి తెలుగు మనిషే అయి ఉండాలి. శ్రేయాస్ కాగితం తీసుకుని తెలుగులోనే రాశాడు. 'ఈ బొమ్మలు నా భార్యవి. మీతో ఒక్కసారి మాట్లాడాలి. దయచేసి చెప్పకుండా వెల్లిపోకండి.' కింద ఫోన్ నంబరు వేశాడు.

దారిలో అవని చాలాసేపు కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. అడగకూడదనుకుంటూనే అతను అడిగాడు.

"చుక్క పెట్టే సంగతి నువ్వు ఎవరికన్నా చెప్పినవా? ఫ్రెండ్స్‌కి, ఆన్‌లైన్‌లో?"

"నో. అది అత్త సీక్రెట్. నేను చెప్పలే." మళ్ళీ అంది, "నువ్వు వాటిని ఇచ్చేశావని నాకు చాలా కోపం ఉండింది మామయ్యా. ఇప్పుడు లేదు. వాటికి ఒక ఇల్లు ఉంది కదా."

రాగిణి మాత్రం తేలిగ్గా తీసుకోలేదు. అంతా విని, గ్యాస్ కట్టేసి, అతని ఎదురుగా కూర్చుంది. పాత బొమ్మలు ఎవరో కొనుక్కున్నారంటే ఆమెకీ సబబుగానే ఉంది. జనవరిలో వచ్చిన బొమ్మ కింద చుక్క ఎవరు పెట్టారన్న దగ్గర ఆమె ఆగిపోయింది.

"మళ్ళ ఆ దిక్కు పోకు. పోయినోళ్ళ సామాను ఇంట్లకెళ్ళి తీసినంక మళ్ళ తీస్కరావద్దంటరు."

"ఎవరన్నారక్కా?"

"ఎవరో ఒకరు. నేనంటున్న."

బుధవారం ఫోన్ మోగలేదు. గురువారం, శుక్రవారం కూడా మోగలేదు. శనివారం పొద్దున శ్రేయాస్ ఎవరితోనూ చెప్పకుండా కారు తీశాడు.

మొరీతా గారు అతన్ని చూడగానే సొరుగు తెరిచి ఒక మడత కాగితం ఇచ్చింది. అతను రాసిన చీటీయే. బుధవారం వచ్చిన మనిషి చదివి నవ్విందనీ, పెన్సిల్ అడిగి తీసుకుందనీ చెప్పింది. శ్రేయాస్ మడత విప్పాడు. జవాబేమీ లేదు. 'వెల్లిపోకండి' అన్న మాటలో 'ల్లి' చుట్టూ సున్నా చుట్టి, పైన 'ళ్ళి' అని దిద్ది ఉంది. ళకి తోక పొడుగ్గా తీసి, కొసని లోపలికి ముడిచిన రాత. పెళ్ళికి ముందు ఆరు నెలలూ అతను రాసిన ఉత్తరమల్లా ఇలాగే దిద్దబడి తిరిగొచ్చేది. "కరీంనగర్ అబ్బాయిగారికి పెద్ద ళ రాదు" అని ఏడిపించేది ఆమె.

కౌంటర్ అంచు పట్టుకుని నిలబడ్డాడు. తర్వాత ఫోన్‌లో వెతికి, మాల్ ముందరే రెండేళ్ళ కిందట అవని తీసిన ఫొటో ఒకటి తెరిచి చూపించాడు. పసుపు చుడీదార్లో, నడుము దాకా జడతో దమయంతి.

"ఆమె ఇలా ఉంటుందా?"

మొరీతా గారు కళ్ళజోడు సరిచేసుకుని చూసింది. ఆవిడ మొహం విచ్చుకుంది.

"ఈమెనే. మీరు తెలిసినవాళ్ళేనా అయితే. ఇప్పుడు ఇంత జుట్టు లేదు పాపం. బాగా పొట్టిగా, ఇప్పుడిప్పుడే మొలుస్తున్నట్టు ఉంటుంది. ఊలు టోపీ పెట్టుకుని వస్తుంది. ఏమైనా జబ్బు చేసిందేమోననుకున్నాను. అడగడం బాగుండదని అడగలేదు."

ఆపరేషన్ కోసం ఆస్పత్రిలో దమయంతి జడ తీసేశారు. తల గొరిగారు. ఐసీయూలో ఆమెను అలా చూసినవాళ్ళు ఇద్దరే, శ్రేయాసూ రాగిణీ. చివర్న ఊలు టోపీ తొడిగింది రాగిణే. అందరూ చూసే సమయానికి తల కనబడకూడదని.

ఆమె చనిపోయిందని మొరీతా గారికి చెప్పాలనుకున్నాడు. ఎదురుగా ఆ ముసలావిడ అంత ఆదరంగా చూస్తుంటే ఫోన్ జేబులో పెట్టేసుకున్నాడు. వెనక గోడ దగ్గరికి వెళ్ళి చూశాడు. నారింజ కోటు వాడి పక్కన ఇంకొక కొత్త బొమ్మ చేరింది. నక్కమ్మ గోడవైపే తిరిగి ఉంది.

"ఈ పెట్టె ఒక్కసారి తెరుస్తారా? ఆ తెల్ల తోక బొమ్మని ముందుకు తిప్పాలి."

"తాళంచెవి ఆమె దగ్గరే ఉంటుందండీ. బుధవారం రండి."

బుధవారం ఆఫీస్‌లో డాక్టర్ అపాయింట్‌మెంట్ అని చెప్పి పన్నెండున్నరకల్లా మాల్‌లో ఉన్నాడు. వారం మధ్యన జనం పలచగా ఉన్నారు. తిండి బల్లల్లో చివరి బల్ల దగ్గర కూర్చుంటే బొమ్మల షాపు గుమ్మం, దానిగుండా వెనక గోడ, గోడలో ఆ రెండో వరస నేరుగా కనిపిస్తాయి. ఒక గ్రీన్ టీ, తీపి రొట్టె తెచ్చుకుని కూర్చున్నాడు. గుమ్మం ఒక్కటే. లోపలికి వెళ్ళేవాళ్ళెవరైనా తన కళ్ళముందు నుంచే వెళ్ళాలి.

ఒంటిగంటకి ఇద్దరు కాలేజీ కుర్రాళ్ళు వెళ్ళి వచ్చారు. ఒంటిగంటన్నరకి ఒక తల్లి పిల్లాడిని ఎత్తుకుని వెళ్ళింది. రెండింటికి ఒక పోస్ట్‌మాన్. టీ చల్లారిపోయింది. ఊలు టోపీ పెట్టుకున్న మనిషెవరూ రాలేదు. రెండున్నర, మూడు. అద్దాల కిటికీ అవతల నది మీద ఎండ తెల్లగా పరుచుకుంది. వెనక కౌంటర్లో ఎవరో నూడుల్స్ నీళ్ళు వంపుతున్న చప్పుడు. శ్రేయాస్‌కి తను చేస్తున్న పని మొదటిసారి సిగ్గుగా అనిపించింది. ముప్పై ఆరేళ్ళవాడు, అబద్ధమాడి సెలవు పెట్టి, పోయిన భార్య కోసం బొమ్మల షాపు ముందు కాపలా కూర్చున్నాడు.

ఆమె వస్తే ఏమని మొదలుపెట్టాలో అనుకోసాగాడు. అనుకుంటున్నది ఎప్పుడు పెదవుల మీదికి వచ్చిందో అతనికి తెలియదు. చాలా మెల్లగా, తనకి తప్ప ఎవరికీ వినబడనంతగా మాట్లాడుతున్నాడు.

"ఆ మాట నేను అనాల్సింది కాదు దమయంతీ. అది నవ్వులాటకి అన్నది కూడా కాదు. మన ఇద్దరి బాధని వాళ్ళ ముందర నీ ఒక్కదాని మీదికి తోసిన. నువ్వు నవ్వినవు చూడు, అప్పుడే తెలిసింది నాకు. తెలిసి కూడ పొద్దున ఆఫీస్‌కి పోయిన. సాయంత్రం ఉంటదనుకున్న."

ఇంకా ఏమేమో చెప్పాడు. బొమ్మల్ని చూడలేక ఇచ్చేశానని, అవని తలుపేసుకుందని. కళ్ళు మాత్రం గుమ్మం మీద నుంచి తీయలేదు. ఎదురు కుర్చీ ఖాళీగా, కొంచెం పక్కకి జరిగి ఉంది. వచ్చినప్పుడు అలాగే ఉందో లేదో గుర్తులేదు.

మూడుంబావుకి మొరీతా గారు షాపులోంచి బయటికి వచ్చి, ఏప్రన్‌కి చేతులు తుడుచుకుంటూ అతని బల్ల దగ్గరికి వచ్చింది. చేతిలో చిన్న తాళంచెవి.

"ఇది మీకివ్వమంది. ఈ నెలతో పెట్టె వదిలేస్తుందట. బొమ్మలు మీరు తీసుకువెళ్తారని చెప్పింది."

శ్రేయాస్ లేచి నిలబడ్డాడు. "ఎప్పుడు చెప్పింది? ఎక్కడుంది?"

మొరీతా గారు అతని మొహం చూసి తడబడింది. "ఇప్పుడేనండీ, వెళ్తూ వెళ్తూ. ఇంతసేపూ ఇక్కడే ఉంది కదా, మీ ఎదురుగానే కూర్చుంది. మీరు మాట్లాడుతున్నారు, ఆమె వింటోంది. మధ్యలో రావడం బాగుండదని నేను లోపలే ఉండిపోయాను."

అతను ఖాళీ కుర్చీ వైపు చూశాడు. వేలితో దాని వీపు తాకాడు. మామూలు చెక్క కుర్చీ. వెచ్చగా లేదు, చల్లగానూ లేదు. తీపి రొట్టె తెచ్చినప్పుడు రెండు ముక్కలుగా తుంచాడు. తను ఒక్క ముక్కా తినలేదు. పళ్ళెంలో ఒక్క ముక్కే ఉంది.

"నడిచి వెళ్ళిందా?" అని అడిగాడు.

"పార్కింగ్ వైపు వెళ్ళింది" అంది మొరీతా గారు.

అతను పరుగెత్తలేదు. ఎందుకో పరుగెత్తితే పాడవుతుందనిపించింది. షాపులోకి వెళ్ళి, ముప్పై ఎనిమిదో పెట్టె తాళం తీశాడు. నక్కమ్మ ఇంకా గోడవైపే ఉంది. దాన్ని రెండు వేళ్ళతో నడుము దగ్గర పట్టుకుని ముందుకు తిప్పాడు. చెయ్యి తగిలి పక్కనున్న గొడుగు ముసలమ్మ పడిపోబోతే మొరీతా గారు పట్టుకుంది. ఇద్దరూ కలిసి ఒక్కొక్క బొమ్మనీ మెత్తటి కాగితంలో చుట్టారు. గాజు పెట్టెల వరసలన్నిటికీ అడుగున ఉన్న అరలో మిగతావన్నీ అట్టపెట్టెల్లో ఉన్నాయి. అవి శ్రేయాస్ ధర్మసంస్థ గుమ్మంలో దించిన నాలుగు పెట్టెలే, అతను నల్ల మార్కర్‌తో వేసిన ఒకటి రెండు మూడు నాలుగు అంకెలతో సహా.

"ఆమె ఆరోగ్యం కుదుటపడాలని నేను కోరుకున్నానని చెప్పండి" అంది మొరీతా గారు, గుమ్మం దాకా వచ్చి.

"చెప్తానండీ" అన్నాడు.

పెట్టెలన్నీ డిక్కీలో పట్టాయి. కార్లో కూర్చుని, బెల్టు పెట్టుకుని, ఇంజన్ ఆన్ చేశాడు. వెనక్కి తీస్తుండగా డాష్‌బోర్డ్ మీద ఎర్రదీపం వెలిగి టింగ్ టింగ్‌మని మోగడం మొదలైంది. పక్కసీట్లో కూర్చున్నవాళ్ళు బెల్టు పెట్టుకోలేదని చెప్పే దీపం అది.

పక్కసీట్లో ఏమీ లేదు. లాప్‌టాప్ సంచీ కూడా వెనకసీట్లోనే ఉంది. బండి ఆపి, వంగి సీటు మీద చెయ్యి ఆనించి చూశాడు. సీటు ఖాళీ. దీపం ఆరలేదు. ఇంజన్ ఆపి మళ్ళీ ఆన్ చేశాడు. కొన్ని క్షణాలు నిశ్శబ్దం. బండి కదలగానే మళ్ళీ టింగ్ టింగ్. వెనకనున్న కారు హారన్ కొట్టింది.

అతను చెయ్యి చాచి, పక్కసీటు బెల్టు లాగాడు. మామూలుగా అయితే ఖాళీ సీటు మీద బెల్టు చదునుగా అంటుకుంటుంది. మెల్లగా ముందుకు లాగి, ఎవరికీ ఒరుసుకోకుండా, కొంత చోటు వదిలి తెచ్చి తగిలించాడు. క్లిక్‌మంది. మోత ఆగిపోయింది.

టర్న్‌పైక్ హైవే మీద కుడివైపు లేన్లో, లారీల వెనక, నిమ్మళంగా నడిపాడు. మొదటి పది మైళ్ళు ముందున్న లారీ నంబరే చూస్తూ పోయాడు. తర్వాత అవని పళ్ళకి క్లిప్పులు పెట్టారని చెప్పాడు. నవ్వితే చెయ్యి అడ్డం పెట్టుకుంటోందని, నువ్వుంటే మాన్పించేదానివని చెప్పాడు. కింది ఇంటి పద్మనాభం గారు అపార్ట్‌మెంట్ వదిలి కూతురి దగ్గరికి వెళ్ళిపోయారని, తోడు పెట్టిన పాలు ఈ చలికాలమంతా ఒక్కసారీ తోడుకోలేదని చెప్పాడు. పక్కకి మాత్రం తిరిగి చూడలేదు. చూడాలన్న కోరిక మెడలో నరంలా లాగుతూనే ఉంది. భయమూ ఉంది. బ్రేక్ వేసినప్పుడల్లా పక్కసీటు బెల్టు బరువు ఆనినట్టు కొద్దిగా కిర్రుమనేది. ఆ చప్పుడు విని అతని చేతుల మీద వెంట్రుకలు నిక్కబొడుచుకునేవి. అయినా ఆ గంట ఇంకాస్త పొడుగ్గా ఉంటే బాగుండుననుకున్నాడు.

ఇంటి ముందు ఆగాక, ముందు అవతలి బెల్టు విప్పాడు. తన తలుపు తెరవడానికి కొంచెంసేపు ఆగాడు.

రాగిణి రెండు రోజులు మాట్లాడలేదు. మూడోరోజు నిమ్మకాయలు పట్టుకుని వచ్చి, గుమ్మంలో నిలబడి, లోపల అద్దాల బీరువాలో బొమ్మలు సర్దుతున్న కూతుర్నీ తమ్ముడినీ చూసింది. లోపలికి వచ్చి, ఒక బొమ్మ తీసి తిరగేసి కింద చుక్క చూసింది. తర్వాత దాన్ని దాని చోట పెట్టేసి, నిమ్మకాయలతో పులిహోర కలిపి వెళ్ళింది.

ఆ తర్వాత ఇంకేమీ జరగలేదు. మే నెలలో శ్రేయాస్ ఒక బుధవారం మళ్ళీ మాల్‌కి వెళ్ళాడు. ముప్పై ఎనిమిదో పెట్టెలో ఎవరో చిన్న రైళ్ళు పెట్టుకున్నారు. ఆమె మళ్ళీ రాలేదని మొరీతా గారు చెప్పింది. కార్లో ఆ దీపం కూడా మళ్ళీ వెలగలేదు. అయినా శ్రేయాస్ కొన్ని వారాలపాటు ఆఫీస్‌కి వెళ్ళేటప్పుడు పక్కసీటు బెల్టు పెట్టే నడిపాడు. ఒక ఆదివారం అవని ఎక్కబోతూ ఆ బెల్టు చూసి ఆగింది. అతనే వంగి దాన్ని విప్పాడు. ఆ పిల్ల కూర్చున్నాక తలుపు వేసి, ఇద్దరూ కూరగాయలకి వెళ్ళారు.